మనాదికి మాటవైద్యము – మన డెల్టా రైతు ఎవరియొద్దకు పోవలెను?

వరిచేనికి సుడిదోమ పట్టుట ఎరుగనివారు మన సభ్యులలో లేరు. గట్టుమీద నిలిచి చూచువానికి చేను పచ్చగానే యుండును. దోమ ఆకుల చివరల నుండదు. దుబ్బు మొదట, నీటికి కొంచెము పైగా చేరి రసము పీల్చుచుండును. చేనిలోనికి దిగి, దుబ్బును రెండు చేతులతో విడదీసి చూచినవానికే అది కనబడును. చూడనివానికి చేను నడుమ సుడులు సుడులుగా ఎండిపోయిన పిమ్మట గాని తెలియదు. ఈ సంగతిని మేము ఇరువదియేండ్లుగా గ్రామగ్రామమునకు తిరిగి చెప్పుచున్నాము. అయితే దుబ్బు విడదీసి చూడుడని చెప్పిన మేమే, చేను గలవానిని మాత్రము గట్టుమీదనుండి చూచి పోవుచుంటిమని చాల ఆలస్యముగా తెలిసికొంటిమి.

కోనసీమలో ఒక కౌలురైతు గలడు. ఆయన పేరును ఊరును చెప్పము. మూడెకరములు కౌలునకు చేయుచు, విత్తనశుద్ధి మొదలు మాసూళ్ళవరకు ప్రతి విషయమును మమ్ము అడిగి తెలిసికొనువాడు. ఒక దాళ్వాలో ఆయన మా సమావేశములకు వచ్చుట మానెను. పోయి చూడగా నారుమడినిండ కలుపు పెరిగియుండెను. "ఏమండీ, ఇంత అశ్రద్ధయేమి?" అని మందలించితిమి. ఆయన తల వంచుకొని, "ఆయ్, తీయిస్తానండి" అనెను, తీయింపలేదు. మరి రెండు మారులు పోయి ధైర్యము చెప్పితిమి. కష్టములు ఎవరికి లేవనియు, నలుగురికి చెప్పవలసిన మనిషి ఇట్లు డీలాపడిన ఇంటిలోనివారి గతి యేమనియు హితము పలికితిమి. మూడవమారు మేము వెడలివచ్చునపుడు ఆయన భార్య వీధివరకు వచ్చి, మెల్లగా, "చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు బాబుగారూ, వినేవాళ్ళే లేరు. నెల్లాళ్ళయి ఆయనకి కంటిమీద కునుకు లేదు" అన్నది. తెల్లవారుజామున మూడు గంటలకే లేచి కాలువగట్టున ఒంటరిగా తిరుగుచుండెనట. మేము సిగ్గుపడితిమి.

ఆ వారములోనే ఆయనను భార్యయు బావమరిదియు కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపోయిరి. అచట మానసికవైద్యుడు పరీక్షించి మాత్రలు వ్రాసియిచ్చి, వారమునకొకమారు మనస్తత్వనిపుణురాలియొద్ద కూర్చుండి మాటలాడవలెనని చెప్పెను. ఆ గదిలో నేమి జరిగినదని మేము తరువాత అడుగగా ఆయన చెప్పినది వినదగియున్నది. ఆమె ఒక్క హితవాక్యమైనను చెప్పలేదట. ప్రొద్దున లేచినది మొదలు రాత్రివరకు గంటగంటకు ఏమి చేయుచున్నావని అడిగి, దానిని కాగితముపై వ్రాయించినదట. మొదటి వారము ఇచ్చిన పని ఇంతమాత్రమే: ప్రతిదినము ఉదయమున టీకొట్టువరకు నడచి, పది నిమిషములు కూర్చుండి, తిరిగి రావలెను. "ఈ మాత్రానికి కాకినాడ దాకా రావాలా అనిపించిందండి" అని ఆయన నవ్వెను. నాలుగవ వారమున అప్పుల పట్టీ వ్రాయించినది. అంతకుముందు ఆయన భయముచేత ఎన్నడును కూడి చూడలేదు. కూడగా, తన మనస్సులో తిరుగుచున్న మొత్తముకంటె అసలు మొత్తము తక్కువగా నుండెను! అందులో ఏది ముందు తీర్చవలసినదో, ఎవరిని గడువు అడుగవచ్చునో విడదీసిరి. మరుసటి సార్వాకు ఆయన చేనిలో దిగెను. పూర్తిగా నయమైనదని చెప్పము. ఇప్పటికిని వైద్యుని సలహాపై మాత్రలు వాడుచునే యున్నాడు.

ఈ జబ్బు మనకు క్రొత్తది కాదు. బెంగ, దిగులు, మనాది యని మన పెద్దలు దీనికి పేర్లు పెట్టిరి. నష్టము కలిగినపుడు నాలుగు దినములు దుఃఖపడుట జబ్బు కాదు. రెండు వారములు దాటియు ప్రతిదినము మనస్సు క్రుంగియుండుట, ఇష్టమైన పనియందును రుచి లేకుండుట, నిద్రయు ఆకలియు చెడుట, తాను పనికిరానివాడనని తోచుట – ఇవి కూడివచ్చినపుడు వైద్యునికి చూపవలెను. మన రైతులు 'మనస్సు బాగులేదు' అని చెప్పరు. నడుము లాగుచున్నదందురు, గుండె దడయందురు, కడుపులో మంటయందురు. ఊరిలోని ఆర్.ఎం.పి.యొద్దకు పోయి సెలైను ఎక్కించుకొని వత్తురు. ఆ సెలైనువలన పోవునది రొక్కము మాత్రమే. రక్తహీనతవలనను, థైరాయిడు లోపమువలనను గూడ ఇట్టి నీరసము కలుగును గనుక, మొదట శరీరపరీక్ష చేయించుకొనుట మంచిది.

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును. "అప్పు మాటలతో తీరునా?" అని. తీరదు. ఈ మాటను మేము దాచము. 2011 సార్వాలో గిట్టుబాటు లేక, ధాన్యము నిలువచేయ చోటు లేక, మురుగుకాలువలు పూడి, కోనసీమ రైతులు వేలకొలది ఎకరములను ఊడ్వక పంటవిరామము ప్రకటించిరి. దానికి కారణము ఎవరి మనస్సులోని దౌర్బల్యమును కాదు. డెల్టాలో నాగలి పట్టువారిలో కౌలుదారులే అధికము. 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము కార్డు పొందుటకు భూయజమాని సమ్మతి కావలసివచ్చినందున, అనేకులు కార్డు లేకయే, బ్యాంకు ఋణము లేకయే, కమీషను వ్యాపారియొద్ద అప్పుతో సాగుచేసిరి. ఈ బాధలకు మందు చట్టమునందును ధరయందును మన సంఘమునందును గలదు. కాని నెలదినములు నిద్రలేని మనిషి ఆఫీసులో దరఖాస్తు పెట్టలేడు, గడువు అడుగలేడు, మన సంఘము గడప త్రొక్కలేడు. మాటవైద్యము అప్పు తీర్చదు. అప్పును ఎదుర్కొనగల మనిషిని నిలబెట్టును. ఈ రెండును కలిపి చేయవచ్చునని తెలంగాణములోని వికారాబాదు జిల్లాలో 2017లో మొదలైన కిసాన్ మిత్ర అను టెలిఫోను సహాయకేంద్రము చూపినది. అచట రైతు గోడు ఓపికగా వినుటయే గాక, పాసుపుస్తకము, ఋణము, నష్టపరిహారము వంటి చిక్కును సంబంధించిన అధికారికి చేర్చి, జవాబు వచ్చువరకు వెంబడించిరి.

మాటవైద్యమనగా ఒకేవిధమైనది కాదు. వరిలో అగ్గితెగులునకు చల్లు మందు సుడిదోమకు పనికిరానట్లే, ఇందును రోగమునుబట్టి పద్ధతి యుండును.

ఆ కౌలురైతునకు చేసినది ముఖ్యముగా పనులద్వారా మనస్సును కదలించు పద్ధతి. దిగులుపడినవాడు పనులు మానును. పనులు మానుటచే దిగులు పెరుగును. ఆ చక్రమును చిన్న చిన్న పనులతో త్రెంపుదురు. ఉత్సాహము వచ్చిన పిమ్మట లేచెదనని అతడనుకొనును. లేచిన పిమ్మటనే ఉత్సాహము వచ్చునని ఈ పద్ధతి చెప్పును. అప్పుల పట్టీ వ్రాయించుట సమస్యాపరిష్కార పద్ధతి క్రిందికి వచ్చును: ముడిపడిన చిక్కులను విడదీసి, తన చేతిలోనున్న దానిని ముందు పట్టుకొనుట.

వైద్యులు సి.బి.టి. యని పిలుచునది మరియొకటి. 1960 ప్రాంతములలో అమెరికాలో ఆరన్ బెక్ అను వైద్యుడు దీనిని రూపొందించెను. మనకు తోచు ఆలోచనలన్నియు నిజములు కావనుట దీనికి మూలము. "ఒక పంట పోయినది, కావున నేను ఎందుకును పనికిరాను" అని తోచినపుడు, ఆ తలంపును సాక్షివలె నిలబెట్టి ప్రశ్నింతురు: పోయిన పంటలెన్ని, వచ్చిన పంటలెన్ని? తెగులు నీవు తెచ్చితివా? పొరుగువానికి ఇదే జరిగిన నీవు అతనిని పనికిరానివాడందువా? ఇది పొగడ్త కాదు, ఊరడింపు కాదు, లెక్క సరిచూచుట. ఇంటివద్ద వ్రాయవలసిన పని యుండును. చదువు రానివారు గుర్తులతో చేయవచ్చును, లేదా బడికి పోవు పిల్లలచేత వ్రాయించుకొనవచ్చును. భయములకును, ఆందోళనకును, నిద్రలేమికిని గూడ ఇది ఉపయోగపడును.

భర్త పోయిన దుఃఖము, అన్నదమ్ముల వాటాల తగవు, కొడుకు దూరదేశము పోగా మిగిలిన ఒంటరితనము – ఇట్టి మనుష్యసంబంధములనుండి పుట్టిన దిగులునకు వేరొక పద్ధతి కలదు. దానిని ఉగాండా దేశపు పల్లెలలో గుంపులుగా కూర్చుండబెట్టి పదునారు వారములు నడపగా మంచి ఫలితము కలిగినట్లు 2003లో ప్రకటించిరి. నడపినవారు వైద్యులు కారు. ఆ ప్రాంతపువారే, శిక్షణ పొందినవారు. మన డ్వాక్రా సంఘముల స్త్రీలు వారమువారము కూర్చుండుట ఎరిగినవారు గనుక ఈ సంగతి వారికి క్రొత్తగా తోచదు.

త్రాగుడునకు చేయు సంభాషణ వేరు. మేము చూచినంతలో త్రాగువానిని తిట్టి మాన్పించినవారు లేరు. ఈ పద్ధతిలో సలహాదారు వాదింపడు. త్రాగుటవలన నీకు కలుగు సుఖమేమి, పోవునదేమి, నీవు కోరునదేమి యని అడిగి, మానవలెనను మాట అతని నోటనే వచ్చునట్లు చేయును. దీనికి ప్రత్యేకముగా 14446 అను ఉచిత టెలిఫోను సంఖ్య కలదు. అయితే చాలకాలము విస్తారముగా త్రాగినవారు వైద్యుని సలహా లేక ఒక్కసారి మానినచో ఫిట్లు వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. కుటుంబమువారు దీనిని మరువరాదు.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపానులో ఇంటివారిని, తోటలను పోగొట్టుకొన్న వారిలో, నేటికిని గాలి హోరు వినగానే చెమటలు పట్టువారిని మేమెరుగుదుము. వారికి, ఆ జ్ఞాపకమును భద్రమైన చోట, నిపుణుని తోడుతో, కొంచెము కొంచెముగా చెప్పించి దాని కోరలు తీయు చికిత్స కలదు. నిపుణుడు కానివాడు కుతూహలముచేత దీనిని కెలుకరాదు. ఇక బాల్యపు స్మృతులను ఏండ్ల తరబడి త్రవ్వు మనోవిశ్లేషణమున్నది. వియన్నాలో ఫ్రాయిడు మొదలుపెట్టెను; 1922లోనే కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు దానికొక సంఘము స్థాపించెను. మాసూళ్ళనాటికి తేలవలసిన మన పనికి అది అంతగా పొసగదు.

ఇందరు నిపుణులు మన పల్లెలకు ఎట్లు వత్తురని అడుగవచ్చును. రారు. ఇతర దేశములవారును ఈ చిక్కునే ఎదుర్కొనిరి. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అను మానసికవైద్యుడు 2006లో అవ్వలకు శిక్షణనిచ్చి, ఆసుపత్రి ఆవరణలో చెట్టుక్రింద బల్లపై కూర్చుండబెట్టెను. దిగులుపడినవారు పోయి ఆ అవ్వ ప్రక్కన కూర్చుందురు. అచటి భాషలో ఈ జబ్బు పేరునకు 'అతిగా ఆలోచించుట' యని అర్థము. మన మనాదికి అక్కగారో చెల్లెలో కావలెను. మన దేశముననే గోవాలో, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో వైద్యులు కాని సలహాదారులు శిక్షణ పొంది, తీవ్రమైన దిగులుగలవారితో ఆరు మొదలు ఎనిమిది మారులు, మారునకు అరగంట మొదలు నలుబది నిమిషములు మాటలాడగా, మామూలు వైద్యము మాత్రమే పొందినవారికంటె ఎక్కువమంది కోలుకొన్నట్లు 2017లో వెల్లడియైనది. కావున సలహాదారు పేరు ప్రక్క పెద్ద బిరుదు లేనంతమాత్రమున త్రోసివేయరాదు. శిక్షణ ఉన్నదా, పైన చూచు వైద్యుడున్నాడా యని మాత్రము అడుగవలెను.

ఇక ఎక్కడికి పోవలెను? అన్నిటికంటె దగ్గర త్రోవ మీ జేబులోనే యున్నది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో టెలీ మానస్ అను కేంద్రప్రభుత్వపు సేవ దొరకును. 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది. పగలు రాత్రి పనిచేయును, ఖర్చు లేదు, తెలుగులో మాటలాడవచ్చును. మొదట శిక్షణ పొందిన సలహాదారు వినును. అవసరమైనచో మానసికవైద్యునికి కలుపును. రోగియే ఫోను చేయవలెనను నియమము లేదు. ఇంటిలోనివారు ఏమి చేయవలెనో తెలియక అడిగినను చెప్పుదురు.

రెండవ త్రోవ మీ ప్రాథమిక ఆరోగ్యకేంద్రము. అచటి వైద్యునితో నడుమునొప్పి చెప్పి ఊరకుండక, నిద్ర సంగతియు మనస్సు సంగతియు చెప్పవలెను. మూడవది పెద్ద ఆసుపత్రులు. కాకినాడలో రంగరాయ వైద్యకళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి కలదు. రాజమహేంద్రవరమునందును ఏలూరునందును 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు ఏర్పడి, అచటి ఆసుపత్రులు బోధనాసుపత్రులైనవి. అమలాపురము, రాజానగరములలో ప్రైవేటు వైద్యకళాశాలల ఆసుపత్రులున్నవి. భీమవరము, నరసాపురము వైపువారికి ఏలూరు అనుకూలము. చీటీ వ్రాయు కిటికీవద్ద 'సైకియాట్రీ ఓ.పి.' అని అడుగవలెను. "పిచ్చాసుపత్రికి పోయినారందురు, పిల్లకు సంబంధము రాదు" అని జంకువారితో మేము చెప్పునదేమన, ఇవి కంటికి, కాలికి, కాన్పునకు అందరును పోవు ఆసుపత్రులే. మీరు ఏ గదిముందు కూర్చుంటిరో బస్సులోనివారికి తెలియదు. పోవునపుడు వాడుచున్న మాత్రల చీటీలు, వారము దినముల నిద్ర లెక్క, ఇంటిమనిషి ఒకరు వెంట నుండిన చాలును.

అచట కనబడువారు మూడు విధములు. మానసికవైద్యుడు డాక్టరు, మందు వ్రాయగలడు. క్లినికల్ సైకాలజిస్టు మందు వ్రాయడు. పరీక్షలును మాటవైద్యమును చేయును. అతనికి భారత పునరావాస మండలి నమోదుసంఖ్య యుండును, అడిగి చూచుట తప్పు కాదు. కౌన్సెలర్లలో శిక్షణ పొందినవారును గలరు, బోర్డు మాత్రమే గలవారును గలరు. విత్తనపు సంచిపై చీటీ చూడక కొనము గదా! ఎన్ని మారులు రావలెను, రుసుము ఎంత, నా మాటలు ఎవరికి తెలియును, మేలు కలుగుచున్నదని ఎట్లు గుర్తింతుము అని మొదటి దినముననే అడుగుడు. ఒక్క కూర్చుండుటలో నయము చేసెదననువానిని, డాక్టరిచ్చిన మాత్రలు మానుమనువానిని, మీ గోడు వినక తన కథ చెప్పువానిని విడువుడు. రెండు మూడు మారులు పోయినను మనస్సు విప్పుటకు వీలుకానిచో మరియొకరిని చూచుకొనవచ్చును. అందువలన వైద్యమే వ్యర్థమని తలపరాదు. చెప్పిన సంగతులు గోప్యముగా నుంచుట 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము ప్రకారము మీ హక్కు. ప్రాణాపాయమున్న సందర్భము మాత్రము వేరు.

మ్రొక్కులు, తాయెత్తులు, పెద్దల దీవెనలు మనస్సునకు ఊరట నిచ్చిన మంచిదే. మేము వానిని ఎగతాళి చేయము. అయితే లేని మాటలు చెవిలో వినబడుట, లేని శత్రువులు కనబడుట, అన్నము పూర్తిగా మానుట కలిగినపుడు, అమావాస్యవరకు ఆగుదమని కూర్చుండరాదు. అట్టివారికి మొదట మందు, మాట తరువాత.

ఎవరైనను "నేను లేకున్న మీకే సుఖము" వంటి మాట అన్నచో దానిని విననట్లు ఊరకుండకుడు. "ప్రాణము తీసికొనవలెనని తోచుచున్నదా?" అని సూటిగా అడుగుడు. అడిగినందున లేని తలంపు పుట్టదు. ఉన్న బరువు దిగును. ఒంటరిగా విడువక, 14416కు ఫోను చేయుడు. ఆపద చేరువైన 108 పిలిచి ఆసుపత్రికి చేర్చుడు. పోలీసులకు వెరచి దాచువారు నేటికిని గలరు. ప్రయత్నించినవానిని తీవ్రమైన మానసిక బాధలో నున్నవానిగా భావింపవలెననియు, శిక్షింపరాదనియు ఆ 2017 చట్టమే చెప్పుచున్నది. ఆ గడియ గడచినచో చాలమంది బ్రతుకుదురు, బ్రతికినందుకు సంతోషింతురు. కావుననే పురుగుమందులు ఇంటిలో చేతికందు చోట నుండరాదు.

ఈ చివరి విషయమున మన సంఘము చేయదగిన పని యొకటి కలదు. తమిళనాడులో కాట్టుమన్నార్‌కోయిల్ ప్రాంతము మనవలెనే వరి పండించు నేల. అచట, మదరాసులో 1986లో ఏర్పడిన స్నేహ అను సంస్థవారు, రైతుల సమ్మతితో రెండు గ్రామములలో ఉమ్మడి గిడ్డంగులు ఏర్పరచిరి. ప్రతి రైతునకు తాళముతో ఒక పెట్టె, మందు అందులోనే, చల్లునపుడు తీసికొనిపోయి మిగిలినది మరల అచటనే ఉంచుట. రైతులు దీనికి ఒప్పుకొని వాడుకొనిరనియు, ఆ ఊళ్ళలో ప్రాణనష్టము తగ్గెననియు 2013లో ప్రకటించిరి. పిల్లలకు, పశువులకు కలుగు ప్రమాదములును ఇందువలన తప్పును.

మన ఎరువుల గిడ్డంగిలో పడమటి గది రెండేండ్లుగా ఖాళీగా నున్నది. గాలి వచ్చుటకు రెండు కిటికీలును, తలుపునకు మంచి తాళమును గలవు. అరలు మాత్రము కావలెను. నలుబది పెట్టెలకు ఎంత యగునో వడ్రంగిని అడిగి, ఆ అంచనాను వచ్చు మహాజనసభ ముందుంచుదుము. గది తెరచు వేళలు ఊడ్పుల కాలమున ఉదయము ఐదు గంటలకే యుండవలెనా, తాళపుచెవి గుమాస్తాయొద్ద నుండవలెనా, ఇద్దరు సభ్యులయొద్ద నుండవలెనా యనునది సభ్యులు ఆలోచించుకొని రావలెను. 14416 సంఖ్యను మాత్రము సభవరకు ఆపక, యూరియా ధరల పలకక్రింద వ్రాయించితిమి.